తాత సానరాయికి నేను పోసిన తలంటు

మా చిన్నప్పుడు... ఒక సోమవారం పొద్దున్నే తాత వసారాలో కూర్చుని కత్తి నూరుతున్నాడు. ఎంతసేపు నూరినా పదును రావట్లా. సానరాయి మీద నీళ్లు చిలకరిస్తాడు, నాలుగుసార్లు అటూ ఇటూ లాగుతాడు, బొటనవేలితో అంచు తడుముకుంటాడు, తల అడ్డంగా ఊపుతాడు... మళ్లీ మొదలుపెడతాడు.

నేను తలుపు చాటు నుంచి బయటికి రాకుండా చూస్తున్నా. ఎందుకంటే ఆ రాయిని పాడుచేసింది నేనే.

మాది గురజాల పక్కన ఒక ఊరు. తాత క్షౌరం చేసేవాడు. అప్పటికే చుట్టుపక్కల అందరూ బ్లేడు కత్తుల్లోకి మారిపోతున్నారు... నూరే పనే లేదు, వాడటం, పారెయ్యటం. వాళ్లు మూలన పడేసిన పాత సానరాళ్లని మా తాత అడిగి మరీ తెచ్చుకునేవాడు. మాచవరం నుంచి ఒకటి, మాచర్ల నుంచి రెండు... అట్లా మొత్తం ఏడు. అన్నీ నేలలో దొరికిన అసలు రాళ్లే, మిషన్లో చేసినవి కావు. నూరి నూరి నడుమ గుంతపడ్డ వాటిని నాపరాయి మీద పెట్టి, ఇసకా నీళ్లూ పోసి, రోజుల తరబడి రుద్ది చదును చేసేవాడు.

"ఈ రాళ్ల పిచ్చేందయ్యా నీకు? కాలు పెట్టే చోటు లేదు ఇంట్లో" అని నాయనమ్మ సణిగేది. తాత వింటేగా!

వాటిలో బూడిదరంగు రాయంటే ఆయనకి ప్రాణం. మిగతావన్నీ కరుకు, పసిపిల్లల తల గొరగాలంటే కత్తిని ఈ రాయి మీదే నూరాలి అనేవాడు.

ముందురోజు ఆదివారం... మా ఇంట్లో తలంటు. నాకు ఆముదం పెట్టాక గిన్నెలో కాస్త మిగిలింది. ఎనిమిదేళ్లదాన్ని. తాత ఎన్ని నీళ్లు పోసినా ఆ రాయి తాగేసి, మళ్లీ ఎండిపోయినట్టే కనపడేది. పాపం, దానికి కూడా తలంటు పోద్దామనిపించింది! ఆముదమంతా పట్టించి ఎండలో నానబెట్టా. తర్వాత కుంకుడు రసంతో కడిగి, తుడిచి, దాని పెట్టెలో పెట్టేశా. ఎంత మెరుపో... మురిసిపోయా.

నీళ్లతో నూరే రాయికి నూనె తగలకూడదని నాకేం తెలుసు? నూనె లోపలికి ఇంకితే కత్తి ఊరికే జారిపోతుంది, అరగదు. తాతకి ముక్కుపొడుం అలవాటు, అందుకని వాసన కూడా తెలియలా; పొద్దున్నే మసక వెలుతురులో రాయి నీళ్లు తాగట్లేదనీ గమనించలా. పొద్దున ఆయన అవస్థ చూశాకే నేను చేసిన ఘనకార్యం నాకర్థమైంది.

ఆ రోజు ఒక రైతు ఇంట్లో మనవడికి పుట్టెంట్రుకలు. కబురు మీద కబురు వస్తుంటే తాత లేవక తప్పలా. నేనూ వెంటపడ్డా. దారంతా చెప్పేద్దామని నోరు తెరవటం, భయమేసి మూసుకోవటం.

పిల్లాడు మేనమామ ఒళ్లో ఉన్నాడు. తాత తల తడిపి కత్తి పెట్టాడు. జుట్టు తెగట్లా... లాగుతోంది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తాత మొహమంతా చెమట. ఆగి, తోలు మీద కత్తి నాలుగుసార్లు తిప్పి, మళ్లీ పెట్టాడు. పిల్లాడు తల విదిలించాడు... చెవి పైన నెత్తురు బొట్టు.

"అయ్యో నా తండ్రీ!" అని ఆ ఇంటి ముసలమ్మ కేకేసింది.

"ఏందయ్యా ఇది! చేతులు వణుకుతుంటే ముందే చెప్పొద్దా? పసిగుడ్డు తలే దొరికిందా నీకు?" అని రైతు ఇంతెత్తున లేచాడు. పక్కూరి నుంచి బ్లేడు కత్తి అతన్ని తీసుకురావటానికి ఒకతను సైకిలెక్కాడు. తాత కత్తి తుడుచుకుని, సామాన్ల పొది చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు.

"ఇంక అయిపోయిందే. చేతుల్లో పస పోయింది. పదునొచ్చిందో లేదో కూడా తెలియట్లా నాకు" అన్నాడు నాయనమ్మతో. అన్నం ముట్టలా. ఏడు రాళ్లూ గోనెసంచిలో వేసి, కమ్మరికి ఇచ్చేసి వస్తానన్నాడు. సంచి మూతి కట్టబోతూ ఆగిపోయి, రెండు చేతులూ చాపి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

నా వల్ల కాలా. "తాతా... ఆ రాయికి నేను ఆముదం పూశా" అని బావురుమన్నా.

"ఓసి నీ దుంపతెగ!" అని నాయనమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. తాత ఆమెని ఆపి, సంచిలోంచి బూడిదరంగు రాయి తీసి నీళ్లు చిలకరించాడు. ఇంకలా... బొట్లు బొట్లుగానే నిలబడ్డాయి. ఇక నన్ను చంపేస్తాడనుకున్నా.

"అయితే నా చేతులు బానే ఉన్నయ్యే!" అన్నాడు. నవ్వుతున్నాడు, కళ్లెంట నీళ్లు కారుతున్నాయి. "ఏమే... నా చేతులు బానే ఉన్నయ్యే!"

చాకలిసోడా కలిపిన వేడినీళ్లలో ఆ రాయిని మూడ్రోజులు నానబెట్టాడు. నాపరాయి మీద ఇసకతో రుద్ది పైపొరంతా తీసేశాడు. మళ్లీ దానిమీద కత్తి నూరి, తన ముంజేతి వెంట్రుకలు గొరిగి నాకు చూపించాడు.

"వాళ్లింటికి పోదాం పద తాతా, నేనే చేశానని చెప్తా" అన్నా.

"వద్దులేమ్మా. పసిబిడ్డకి నెత్తురొచ్చింది, ఊరు ఊరుకోదు. నిన్ను చూసినప్పుడల్లా అదే అంటారు. ముసలోణ్ణి, నన్నంటే ఏం పోయింది?"

చానా పోయింది... మళ్లీ మా ఊళ్లో ఎవరూ పసిపిల్లల్ని తాత ముందు కూర్చోబెట్టలా. ఎదురుగానే అనేవాళ్లు, ముసలోడి చేతులు వణుకుతయ్యని. చచ్చిపోయిందాకా ఆ మాట పడ్డాడు గానీ, ఒక్కసారి కూడా నా పేరెత్తలా. నేనూ నోరు విప్పలా... పెద్దయ్యాక కూడా. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు సెలూన్లో బ్లేడు సగానికి విరిచి పెడతారు, పని కాగానే డబ్బాలో వేస్తారు. సానరాయి ఏంటో మా పిల్లలకి తెలియదు. మీ తప్పుని తమ నెత్తినేసుకున్న పెద్దోళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... కింద రాయండి, చదువుతా.

మా ఊరోళ్లు ఇక్కడ చానామంది ఉన్నారు. మీరు మాత్రం ఇది వినండి... ఆ రోజు మా తాత చేయి వణకలా.