దొర సీసాలో రాగి

నలభై దాటకముందే మా అయ్య నడుము వంగింది. ఊరి బయటి మా వాడలో సగం మందిది అదే గతి. మెడ తిరగదు, పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరగాలి. ఇది మా వాడబావి నీళ్ల పాపమేనని నా అనుమానం. గడీ ముందరి బావి నీళ్లు తాగే దొర ఇంట్లో అందరూ నిటారుగానే ఉన్నారు మరి. ఆ బావిలో మమ్మల్నీ కడవ ముంచనియ్యమని దొరను అడిగాను.

"మీ అయ్య నడుం నీళ్లకు వంగలేదురా, పండుకొని పండుకొని వంగింది" అన్నాడు దొర. పక్కనున్న పట్వారీ నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచే ఉద్దేశమూ లేదు.

రజాకార్లు పోయి, మిలిటరీ వెనకాల దొర మళ్లీ ఊళ్లోకి వచ్చిన రోజులవి. మిర్యాలగూడ తహసీల్దారు నా మొర విని, వాడబావి నీళ్లు పట్నం యూనివర్సిటీలో పరీక్ష చేయించమన్నాడు. సీసా నింపించే పని మాత్రం దొరకే అప్పజెప్పాడు. నన్ను గడీ బయటే నిలబెట్టి, నింపి, మూతకు లక్క ముద్ర వేసి చేతికిచ్చారు. సూర్యాపేటలో బస్సెక్కాను.

పట్నం యూనివర్సిటీలో లాబ్ అందరిదీ. మట్టి చూసేవాళ్లు, రాళ్లు చూసేవాళ్లు ఒకే బల్ల దగ్గర వంతులేసుకుంటున్నారు. లెక్చరర్ మా నీళ్లను సన్నటి గాజుగొట్టాల్లో పోసి, మందు చుక్కలేసి, రంగును పక్క గొట్టాలతో పోల్చి చూశాడు.

"నడుములు వంచే ఫ్లోరైడ్ ఇందులో లేనట్టే. జర రాగి మాత్రం ఉంది. బావిలో రాగెక్కడిది? దేంతో తోడిండ్రు?"

నాకు ఒళ్లు మండింది. మా వాడలో మట్టికుండలు, సత్తు గిన్నెలే. చింతపండుతో తోమిన రాగి బిందె గడీలోనే ఉంటది. మా బావిలో దోషం లేదనిపించడానికి తమ బావి నీళ్లు పట్టించాడు దొర, అదీ పట్నం పోయే నీళ్లు కదా అని గొప్పకు తమ బిందెతోనే.

"ఇవి మా నీళ్లు గావు సార్."

"అయితే నువ్వే తోడుకొని రా."

తెచ్చాను. ఈసారి రంగు చూసి, ఫ్లోరైడ్ బాగా ఉందన్నాడు లెక్చరర్. ఈ నీళ్లు తాగొద్దని తహసీల్దారుకు రాసి పంపాడు.

గడీ నీళ్లు మంచివని దొర సీసానే తేల్చింది కాబట్టి, తహసీల్దారు వచ్చి ఆ బావి మాకు తెరిపించాడు. మొదటి కడవ అయ్యతోనే ముంచించాను, దొర చూస్తుండగా.

"పండుకొని లేసిండు దొరా, దూపైతుందట."

దొర లోపలికి పోయాడు. మేం ముంచిన నీళ్లు ముట్టనని, కోదాడ దిక్కునుంచి బండి మీద పీపాలతో తెప్పించుకున్నాడు. ఎండలో ఆ ఎడ్లు రొప్పుకుంటూ పోతుంటే మా ఇంటి దర్వాజలో నిలబడి చూసేవాణ్ణి. అయినా నా కడుపు చల్లబడలేదు. అయ్య చనిపోతే పాడె మీద చాపడానికి ఒళ్లు సాగలేదు, కూర్చోబెట్టే మోసుకుపోయాం. దొర చావుకు ఊరంతా పోయింది. నేను పోలేదు.