తైమా పాత వాడలో ఇసుర్రాయి చప్పుడు

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు, బిడ్డలారా. శ్మశానం పక్క చేనులో ఒక్కదాన్నే కలుపు తీసిన మనిషిని. ఇది మాత్రం నా చెవులతో విన్నది.

సౌదీలో బయటిదేశాల వాళ్ల కుటుంబాల మీద పన్ను వేశాక మీ నాన్న మిమ్మల్నీ మీ అమ్మనూ జగిత్యాలకు పంపేశాడు కదా. తర్వాత నేను విజిట్ వీసా మీద తబూక్‌లో కొన్నాళ్లు వాడి దగ్గరున్నాను. వాడు టూరిస్టుల వ్యాను నడిపేవాడు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్లుండాలని నితాఖత్ అనే రూలుంది; సరిపడా లేరని వాళ్ల కంపెనీ రెడ్‌లో, అంటే తప్పు చేసినవాళ్ల జాబితాలో పడింది. సౌదీ గైడును కొత్తగా పెట్టుకున్నారు. చిన్న తప్పు దొరికినా డ్రైవరు ఇకామా, అంటే అక్కడుండి పనిచేసుకునే పర్మిట్, ఆపి ఇంటికి పంపేలా ఉన్నారు.

ఒకరోజు టూరిస్టులతో పాటు నన్నూ తైమా ఊళ్లోని పాత వాడకు తీసుకెళ్లాడు. ఒకప్పుడు యూదులుండిన వాడ అది. మట్టిగోడలు, సన్నని సందులు. గైడు చెబుతూ నడిస్తే పన్నెండు మంది టూరిస్టులు, వెనక నేను. తిరిగొచ్చాక మీ నాన్న తలలు లెక్కపెట్టాడు. పన్నెండు. బండి కదిలింది. కొంతదూరం పోయాక చూస్తే వెనక సీట్లో సంచీ ఉంది, దాని తాలూకు ముసలాయన లేడు. వాడు నన్నూ కలిపి లెక్కపెట్టాడు.

వెనక్కి తిప్పాం. ఎండ మండుతోంది. ఎంత పిలిచినా బదులు లేదు.

"అమ్మా, ఆయనకేమన్నయితే ఇగ నా పని ఖతం," అన్నాడు మీ నాన్న.

"ఊకో బిడ్డా. ఎవరో జొన్నలు ఇసురుతున్నరు, ఆళ్లనడుగుదాం."

"ఈడ మనుషులెక్కడున్నరే? ఎండదెబ్బ గిట్ల తాకిందా నీకు?"

గైడుకూ ఏమీ వినపడలేదు. నాకు మాత్రం స్పష్టంగా వినిపించింది. ఒక్కరే ఇసిరితే గింజ పోసేటప్పుడు రాయి ఆగుతుంది. ఇది ఆగడం లేదు. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని ఇసురుతున్నారన్నమాట.

చప్పుడు వస్తున్న సందు కూలిపోయిందని గైడు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను ఆగలేదు. పడిపోయిన గోడ దాటి గదిలో కాలుపెట్టగానే చప్పుడు ఆగింది. పెద్దాయన అక్కడే పడి ఉన్నాడు. చీలమండ వాచింది, పెదాలు ఎండిపోయాయి, ప్రాణం ఉంది.

మోసుకొస్తుంటే వ్యానులోవాళ్లంతా దిగి చప్పట్లు కొట్టారు. గైడు తన వచ్చీరాని హిందీలో మీ నాన్నతో అన్నాడు, "మీ అమ్మకు ఇకామా ఇప్పించకు భయ్యా, నా నౌకరీ పోతుంది."

పెద్దాయన కంపెనీకి పోయి, ఆ డ్రైవరూ వాళ్లమ్మా లేకపోతే తాను బతికేవాడు కాదని చెప్పాడు. మీ నాన్నను తీసేయలేదు సరికదా, నెల తిరక్కముందే ఇకామా రెన్యువల్ చేయించారు.

ఆ గదిలో రాయి లేదు, గింజ లేదు. దుమ్ములో ఆయన పడిన జాడ తప్ప ఇంకొకరి అడుగు లేదు. ఆయనా ఏమీ వినలేదట. ఇసిరిందెవరో నాకిప్పటికీ తెలియదు. ఎవరైతేనేం, నేను చేరేదాకా వాళ్లు చెయ్యి ఆపలేదు.