సిమ్ముకు పెట్టిన బొట్టు

మేం ఎర్రగుంట్లలో ఉంటున్న రోజులవి. మా ఆయన సిమెంటు లారీ డ్రైవరు. లోడు కబుర్లకని ఓనరు ఆయనకు కొత్త సెల్‌ఫోను ఇచ్చాడు. ఆ ఏడు ఆయుధపూజ నాడే మా చెల్లెలు కాన్పుకని కడప ఆసుపత్రిలో చేరింది. దానిది సులువుగా దొరకని రక్తం, మా ఆయనదీ అదే. కావాలంటే ఫోన్ చేస్తానని అమ్మ చెప్పింది.

మధ్యాహ్నమైనా ఫోను మోగలేదు. చూస్తే సిగ్నలు లేదు. ఆయన ఫోను ఆపి మళ్లీ వేశాడు, మిద్దెక్కి చూశాడు. ఆసుపత్రి నంబరేమో ఆ సిమ్ములోనే ఉంది, అదీ కనబడలేదు. కాయిన్ బాక్సు నుంచి ఓనరు ఆఫీసుకు చేస్తే, "ఫోనుకు మెసేజీలో సెట్టింగులు మళ్లా పంపిస్తాంలేప్పా" అన్నారు.

"సిగ్నలే లేకుంటే అవి యాడికొస్తాయి సార్?" అని అరిచాడాయన.

ఇంటికొచ్చి ఫోను మూత తీశాడు. సిమ్ము మీద తడి పసుపు, కుంకుమ!

"ఇదేందే?"

"లారీకి పూజ చేసినాం గదా, దీనికీ చేసినా."

"లారీకి బొట్టు ముందర పెడ్తారా, ఇంజన్లోనా?"

నా కొంగుతో తుడిచి పెట్టగానే ఫోను మోగింది. నేనే ఎత్తాను. "యాడ సచ్చినారే? ఆపరేషనంట, అల్లున్ని బిర్నా పంపు!" అమ్మ ఏడుస్తోంది.

ఫోను నాకే వదిలి ఆయన కడపకు పరుగెత్తాడు. నేను దాన్ని పట్టుకుని గడప మీద కదలకుండా కూర్చున్నాను. పొద్దు వాలేటప్పుడు మోగింది.

"ఇద్దరూ బాగుండారు. ఆడబిడ్డ," అన్నాడాయన.

ఫోను కళ్లకద్దుకుని మళ్లీ చెవిన పెట్టుకున్నాను.

"ఏమే, మళ్లా సిగ్నలు పోయిందా?" అని ఆయన నవ్వాడు.

భక్తితో చేసిన పనైనా ప్రాణం మీదికి తేగలదని ఆ పూటే తెలిసింది. ఆ నవ్వు వినబడ్డాకే నాకు ఏడుపొచ్చింది.