మైనం రాయని అచ్చు

జనవరి 9, మధ్యాహ్నం. బార్డోలీ నుంచి సూరత్ వెళ్లే బస్సు. మా సీట్లో ఉన్నవాళ్లు: నేను, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ఫైబర్‌గ్లాస్ పనివాడు.

కడోదరాలో ధనవంతుల కోసం స్పోర్ట్స్ కార్లు చేసిన చిన్న కంపెనీలో బాడీలన్నీ అతని చేతి పనేనట. మొదటి కారు చూపిన రోజు యజమాని అది విదేశీ కళాకారుడి పని అని చెప్పి, ఇతన్ని గేటు బయట నిలబెట్టాడు. కొన్నాళ్లు గిరాకీ బాగా సాగింది. తర్వాత కంపెనీ మూతపడింది. ఇక అమ్ముకోవడానికి మిగిలినవి ఆ బాడీలు తయారుచేసే అచ్చులే. కొనేవాళ్లు మర్నాడు వస్తున్నారు. వాళ్లకు చూపడానికి ఆ అచ్చులో ఒక బానెట్ చేయమని ఇతన్నే పిలిచారు.

"అచ్చుకు ముందుగాల మైనం రుద్దాలె సార్. లేకుంటే ఫైబర్ దానికే అతుక్కుంటది. రెండూ ఖరాబ్."

"మరి రుద్దుతారా?"

"ఈసారి మర్చిపోత," అని నవ్వి కడోదరాలో దిగాడు.

మర్నాడు పొద్దున పదకొండింటి తిరుగు బస్సులోకి కడోదరా దగ్గర అతనే ఎక్కాడు. ఏమైందని అడిగాను.

"బానెట్ అచ్చుల నుంచి రాలే సార్. కొనేటోళ్ల ముంగట సేటు గూడ వచ్చి గుంజిండు. ఇన్నేండ్లల్ల ఆయన అచ్చు మీద చెయ్యేసుడు ఇదే మొదలు."

బార్డోలీ దాకా హాయిగా నిద్రపోయాడు.