కింది బెడ్డు

ఖతర్ వచ్చి స్లాబులకు చెక్కలు బిగించే షట్టరింగ్ పనిలో పడకముందు తిరుమల్ తెలంగాణలో నిర్మల్ దిక్కు ఒక కాలేజీలో పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పేటోడు. ఫ్రాన్సులో జనం రాజును కూలగొట్టినప్పుడు యూరప్ పెద్దమనుషులకు భయం పుట్టిందనీ, "పాత కట్టుబాట్లను ఒక్కసారే తెంపేస్తే అంతా ఆగమైతది, మార్పు మెల్లగ రావాలె" అన్న ఆ ఆలోచనకే కన్జర్వేటిజం అని పేరు పడ్డదనీ చెప్పి, "అన్నీ ఉన్నోళ్ల మాటలురా అవి!" అని నవ్వేటోడు.

ఇప్పుడు అల్ వక్రా లేబర్ క్యాంపులో తిరుమల్ వాళ్ల రూముకూ ఒక కట్టుబాటు ఉంది. ఒకదాని మీద ఒకటుండే మంచాల్లో కింది బెడ్లు పాతోళ్లకు, మీది బెడ్లు కొత్తోళ్లకు. మోకాళ్లు నొస్తుంటే తిరుమల్ ఏండ్లకేండ్లు దాన్ని తిట్టుకుంటనే మీదికెక్కిండు. మొన్న రూముల అందరికన్న పాతోడు బుచ్చన్న పని ఇడిసి ఇంటికి పోతే, కింది బెడ్డు అతనికొచ్చింది.

ఆ సాయంత్రమే, సైట్లో కాలు బెణికిన మీది బెడ్డు గజేందర్ అడిగిండు. "అన్నా, పాతోళ్లు కొత్తోళ్లు అని ఎందుకే? బాధ ఎవరికుంటే వాళ్లకే కింది బెడ్డు ఇద్దాం."

"పాత కట్టుబాటును ఒక్కసారే తెంపేస్తే రూమంతా ఆగమైతది!" అని కసిరిండు తిరుమల్. ఆ మాట ఎక్కడిదో అతనికి వెంటనే గుర్తొచ్చింది. అయినా బెడ్డు మీంచి లేవలేదు.

గజేందర్ కుంటుకుంట మీదికెక్కిండు. తిరుమల్ గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. పోతదేమోనని భయపడేంత ఆస్తి అతనికి బతుకులో ఇప్పుడే దొరికింది. ఒక ఇనుప మంచం, అదీ కంపెనీది.