రెండు నక్షత్రాలు, పక్కన ఒక బాక్సు

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, ఫిబ్రవరి మొదటి వారంలో, ఒక దినపత్రిక గుంటూరు ఎడిషన్‌లో ఫీచర్స్ డెస్క్ చీఫ్ సబ్ ఎడిటర్‌గా ఉన్నాను. మా ఆఫీసు నల్లపాడు వెళ్ళే దారిలో ఉండేది. డెస్క్ అన్నది పెద్ద మాట, ఉన్నది ముగ్గురం. వారానికొకసారి వచ్చే సినిమా, టీవీ పేజీ నా బాధ్యత. సమీక్ష రాసేదీ నేనే, పేజీ పెట్టించేదీ నేనే. రాసినవాడే పేజీ పెట్టుకోకూడదని, మధ్యలో ఇంకొకరి కన్ను పడాలని నేను చేరిన కొత్తలో మా సీనియర్లు పట్టుబట్టేవారు. మనుషులు తగ్గిపోయాక అలా పట్టుబట్టేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

ఆ వారం సమీక్షకు వచ్చింది ‘ఎనిమిదో వాకిలి’ అనే హారర్ సిరీస్ రెండో సీజన్. మొదటి సీజన్‌కు నేనే మూడున్నర నక్షత్రాలు ఇచ్చాను. అందులో దెయ్యం కనపడేది తక్కువ, కనపడుతుందేమోనన్న బెంగ ఎక్కువ. రెండో సీజన్‌కి వచ్చేసరికి తీసినవాళ్ళకు ఆ ఓపిక పోయింది. ప్రతి పది నిమిషాలకూ ఒక కేక, గోడ మీద ఎర్రటి చేతిముద్రలు, జుట్టు విరబోసుకున్న కోడలు. విలేకరులకు విడుదలకు ముందే చూసుకొమ్మని లింకు పంపుతారు. ఎనిమిది భాగాలూ రెండు రోజుల్లో చూసి, రెండు నక్షత్రాలు వేశాను. భయం పుట్టించలేనప్పుడు చప్పుడు చేస్తారని రాశాను. ఆ అభిప్రాయం ఇప్పటికీ మార్చుకోలేదు.

ఫీచర్ పేజీ మధ్యాహ్నం రెండు గంటలకల్లా ప్రెస్సుకు వెళ్ళిపోవాలి. ఆ రోజు ఒంటిగంటన్నరకు ప్రకటనల విభాగం నుంచి ఫోన్ వచ్చింది, ఒక నగల దుకాణం ప్రకటన రద్దయిందని. సమీక్ష పక్కనే రెండు కాలమ్‌ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు ఖాళీ పడింది. పత్రికలో ఖాళీ వదలకూడదు. అలాంటప్పుడు చుట్టూ గీత కొట్టి ఒక చిన్న అంశం ఇరికిస్తాం, దాన్ని బాక్సు అంటాం. నా ముందు ఆ సిరీస్ వాళ్ళ ప్రెస్ నోట్ ఉంది. దాని చివర, ఇది యథార్థ సంఘటనల ఆధారంగా తీసిందనీ, దర్శి దగ్గర ఫలానా ఊరి పొలంలో ఆ సంఘటనలు జరిగిన ఇంట్లోనే షూటింగ్ చేశామనీ ఉంది. ‘ఆ ఇల్లు మన జిల్లా పక్కనే!’ అని శీర్షిక పెట్టి, ఆరేడు వాక్యాలు కొట్టి, ఊరి పేరుతో సహా వేసేశాను. పావుగంట పని. ఆ ఊరి పేరు ఇప్పుడు మళ్ళీ రాయను.

సమీక్షలో ప్రతి వాక్యాన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకునే మనిషిని. బాక్సును ఒక్కసారి కూడా చూసుకోలేదు.

పేజీ వచ్చేసరికి సిరీస్ విడుదలైపోయింది. ఆ రోజు పొద్దున్నుంచీ ఫోన్లు. ఈ సిరీస్‌కు అభిమానులు రెండు వర్గాలు. మొదటి సీజన్‌ను నెత్తిన పెట్టుకుని, రెండోది తమ పరువు తీసిందని ఏడ్చినవాళ్ళు నాకు దండాలు పెట్టారు. రెండో సీజనే అసలు సీజన్ అనేవాళ్ళు నన్ను చాకిరేవు పెట్టారు. ముసలాయనకు హారర్ ఏం తెలుసని ఒకరు, అవతలి ఛానల్ దగ్గర డబ్బు తిన్నావని ఒకరు. మిగతా పత్రికల్లో ఒకరు మూడు, ఒకరు రెండున్నర నక్షత్రాలు ఇవ్వడంతో, అందరికంటే తక్కువ ఇచ్చినవాణ్ణి నేనే అయ్యాను. నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉంది. నా రాతకు ఇంత విలువ ఉందన్న మాట అని లోపల పొంగాను.

ఇలాంటి ఫోన్లకు మా డెస్క్‌లో ఒక సిద్ధమైన జవాబు ఉండేది. వాదించకూడదు, తిట్టకూడదు. “అభిప్రాయం మాదండి. మీకు నచ్చకపోతే కారణాలతో ఉత్తరం రాయండి, పరిశీలిస్తాం,” అని పెట్టేయాలి. రెండో రోజు సాయంత్రం ఒక ఆడమనిషి చేసింది. ఆ సీరియల్ గురించి మీరు వేసింది తప్పండి, దాన్ని మార్చి వేయాలండి అంది. అప్పటికి అదే మాటతో మొదలుపెట్టినవాళ్ళు పాతికమందైనా ఉంటారు. నేను సిద్ధంగా ఉన్న జవాబు అప్పజెప్పాను. ఆమె, “ఉత్తరం రాస్తే మారుస్తారాండీ?” అని అడిగింది. పరిశీలిస్తామని చెప్పి పెట్టేశాను.

పాఠకుల ఉత్తరాలు మేము వారానికోసారి, పేజీ ముందురోజు మాత్రమే విప్పుతాం. ఆమె ఉత్తరం వచ్చిన తరువాత కూడా నా బల్ల సొరుగులో నాలుగు రోజులు పడి ఉంది. కవరు మీద తపాలా ముద్ర చూసి తరువాత లెక్క వేసుకున్నాను. తెల్ల కాగితం, గుండ్రటి అక్షరాలు.

“అయ్యా, ఫోన్లో మీరు ఉత్తరం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మీరు దెయ్యం ఉందని వేసిన ఇల్లు మాది. మా ఆయన పొలంలో కూలీలు ఉండటానికి కట్టించాడు. అందులో ఎవరూ చనిపోలేదు. ఏటా మిరపకోతకు కర్నూలు వైపు నుంచి వచ్చే ముఠా ఆ ఇంట్లోనే ఉండేది. ఈ ఏడు మీ పేపర్ చూసి సామాన్లు దించకుండానే వెళ్ళిపోయారు. కాయ చెట్టు మీద పండి ఎండిపోతోంది. మబ్బు పట్టింది. దయచేసి తొందరగా పరిశీలించగలరు.” కింద కోటేశ్వరమ్మ అని సంతకం ఉంది.

రైతుబిడ్డను కాకపోయినా, నలభై ఏళ్ళు గుంటూరులో ఉన్నవాణ్ణి. పండిన మిరపకాయ చెట్టు మీద ఎక్కువ రోజులు ఆగదనీ, వాన తగిలితే రంగు పోయి తెల్లబడుతుందనీ, దాన్ని తాలు అంటారనీ, తాలును మిర్చి యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరనీ నాకు తెలుసు.

ఎడిషన్ ఇన్‌చార్జి ప్రసాదరావుగారి దగ్గరకు వెళ్ళాను. పత్రికలో తప్పు దొర్లితే రెండో పేజీ అడుగున ‘సవరణ’ అని నాలుగు పంక్తులు వేస్తాం, దానికి ఇన్‌చార్జి సంతకం కావాలి. ఆయన ఉత్తరం చదివి, ప్రెస్ నోట్ చదివి, మన తప్పేముందండీ, వాళ్ళు చెప్పిందే వేశాం కదా అన్నారు. ‘వాళ్ళు చెప్పారు’ అని మనం వేయలేదు, అక్కడ జరిగిందనే వేశాం అన్నాను. అయినా ఒక ఉత్తరం ఆధారంగా సవరణ ఇవ్వలేమని, ముందు విచారించమని అన్నారు. అది న్యాయమైన మాటే. ఆ విచారణ బాక్సు వేయకముందే చేసి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున దర్శి బస్సెక్కాను. దర్శిలో దిగి ఆటోలో వెళ్ళేసరికి పదిన్నరైంది. అంతకు ముందురోజే వాన పడింది. పెద్ద వాన కాదు, చేను పాడుచేయడానికి సరిపోయినంత. మడమలు మట్టిలో దిగబడుతుండగా గట్టు మీద నడిచాను. రెండు వైపులా కాయ ఎర్రగా వేలాడుతోంది, కింద రాలింది కూడా ఎర్రగానే ఉంది.

కోటేశ్వరమ్మగారికి యాభై దాటి ఉంటాయి. నేను ఎవరినో చెప్పుకున్నాను. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. తిడితే బాగుండునని అప్పుడు గట్టిగా అనిపించింది. ఇల్లు చూపించారు. రెండు గదులు, ముందు రేకుల పంచ, పక్కన మోటారు షెడ్డు. రెండేళ్ళ క్రితం తొమ్మిది రోజులు షూటింగ్‌కు ఇచ్చారట. కుటుంబ కథ అని చెప్పారట. గోడల మీద వాళ్ళు వేసిన ఎర్రరంగు చేతిముద్రల మీద ఆవిడ రెండుసార్లు సున్నం కొట్టించారు. వానకు తడిసి అవి మళ్ళీ లేత గులాబీ రంగులో తేలాయి.

పేపర్లో వచ్చాక అభిమానులు మోటారు సైకిళ్ళ మీద వస్తున్నారని చెప్పారు. చెడ్డవాళ్ళు కాదు, చెప్పులు బయటే విప్పుతున్నారు, మంచినీళ్ళు అడుగుతున్నారు, ఫొటోలు దిగి పోతున్నారు. ఆ పంచలోనే నిలబడి మొదటి సీజన్ గొప్పదా రెండోదా అని పోట్లాడుకున్నారట. రెండో సీజన్ బాగాలేదుగానీ మీ ఇల్లు మాత్రం బాగా చేసిందని వాళ్ళలో ఒకతను ఆవిడకు చెప్పి వెళ్ళాడట.

“అసలు అందులో మా ఇంట్లో చచ్చిపోయేది ఎవరండీ?” అని అడిగారు. కోడలు అని చెప్పాను. ఆవిడ చేను వైపు చూస్తూ, “మాకు ఒక్కతే కూతురండీ. కోడలు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అన్నారు.

ముఠా పక్క ఊరిలో ఇంకొక రైతు పశువుల కొట్టంలో దిగిందని తెలిసి అక్కడికి వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాల వేళ. పాతికమంది ఆడవాళ్ళు చెట్ల నీడన సద్దులు విప్పుకుని ఉన్నారు. వాళ్ళ మేస్త్రి మద్దమ్మ, నలభై ఏళ్ళ మనిషి, లేచి వచ్చి నిలబడింది. నాకు అక్కడ కొంచెం పెద్దరికం చూపించాలన్న ఆలోచన ఉండింది. సీరియల్స్ అన్నీ కల్పితాలని, దెయ్యాలు లేవని, చదువుకున్నవాడి పద్ధతిలో మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“టీవీలో వచ్చేది కథేనని మాకు తెలుసు సార్. దాన్ని చూసి భయపడేదానికి మేమేమన్నా చిన్నపిల్లలమా? మీరు పేపర్లో రాసినారు కదా, ఆ ఇంట్లోనే జరిగిందని. ఊరి పేరేసి రాసినారు. పేపర్లో అబద్ధం రాస్తారా?”

చంటిపిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లులు ముఠాలో నలుగురున్నారనీ, వాళ్ళకు ఏదైనా అయితే ఊళ్ళో తను జవాబు చెప్పాలనీ కూడా అంది. బస్టాండులో టీ తాగుతుంటే ఎవరో చదివి వినిపించారట. వాళ్ళలో ఒక్కరూ ఆ సిరీస్ చూడలేదు. నా సమీక్ష ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళు విన్నది బాక్సు ఒక్కటే.

“ఆ ఇంటి గురించి నేను చూడకుండా రాశానమ్మా. ఎవరినీ అడగలేదు. అది తప్పు,” అన్నాను.

“చూడకుండానే రాసినారా?” అంది. అవునన్నాను. అన్నం తింటున్నవాళ్ళు చేతులు ఆపి నా వైపు చూశారు. ముప్ఫై ఐదేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. “ఇప్పుడు నాతో చెప్పిన మాటే పేపర్లో రాయండి సార్. మా ఆడోళ్ళు నా మాట కాదు, ఆ మాట నమ్ముతారు,” అంది.

ఆఫీసుకు తిరిగొచ్చి ప్రసాదరావుగారితో మళ్ళీ కూర్చున్నాను. రెండో పేజీ అడుగున నాలుగు పంక్తులు వేద్దామన్నారు. అదే పేజీలో, అదే చోట, అదే కొలతతో, చుట్టూ అదే గీతతో కావాలన్నాను. బాక్సు చదివినవాళ్ళు బాక్సే వెతుకుతారు. ‘పొరపాటు దొర్లింది’ అన్న మాట వద్దన్నాను. అది దానంతటదే దొర్లలేదు, నేను చేశాను. నా పేరు పెడతానంటే ఆయన కళ్ళజోడు తీసి, “ఏడాదిలో రిటైరవుతున్నారు. ఎందుకండీ మీకిది?” అన్నారు. ఆయన నా మేలు కోరే అన్నారు. చివరకు సంతకం పెట్టారు.

‘చూడకుండా రాశాను’ అని శీర్షిక పెట్టాను. ఆ ఇంట్లో ఏ దుర్ఘటనా జరగలేదని, అది కూలీల కోసం కట్టిన ఇల్లని, ఎవరినీ అడగకుండా నేను రాసింది తప్పని కింద నా పేరుతో వచ్చింది.

ఆ సాయంత్రానికి ఇంకొకటి జరిగింది. రెండో సీజన్ అభిమానులు ఆ బాక్సులో శీర్షికనూ నా పేరునూ మాత్రమే కత్తిరించి ఫోన్లలో తిప్పారు. రెండు నక్షత్రాల సమీక్ష సిరీస్ చూడకుండానే రాశానని నేనే ఒప్పుకున్నట్టు అయింది. హైదరాబాదు నుంచి పాత మిత్రులు ఫోన్ చేసి, నిజమేనా అని అడిగారు. ఎనిమిది భాగాలూ చూసి, పన్నెండు పేజీల నోట్సు రాసుకున్నవాణ్ణి. వివరణ ఇద్దామని కలం కూడా తీశాను. కానీ దానిమీద ఇంకొక బాక్సు వస్తే, ఈసారి బస్టాండులో చదివి వినిపించేవాళ్ళు ఏది వినిపిస్తారో నాకు తెలియదు. మొదటి మాట చెదిరిపోకూడదు. కలం మూసేశాను. ఆ సిరీస్ మాటెత్తితే ఈ రోజుకీ ఆ ముక్కే ఎవరో ఒకరు నాకు పంపుతుంటారు.

మద్దమ్మ ముఠా ఒప్పుకున్న చేను పూర్తిచేసుకుని, పది రోజుల తరువాత కోటేశ్వరమ్మగారి ఇంట్లో దిగింది. రెండో కోతకు అందుకున్నారు. మొదటి కోత కాయలో సగానికి పైగా తాలైంది. ఈ సంగతి ఆవిడ కార్డు మీద మూడు పంక్తుల్లో రాశారు. కృతజ్ఞతలని రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. కత్తిరించిన బాక్సును తలుపుకు అతికించామని మాత్రం ఉంది.

మిగిలిన ఏడాదిలో నా పని పద్ధతి రెండు విషయాల్లో మారింది. ప్రకటన రద్దయి ఖాళీ పడితే, పత్రిక చందా వివరాలు పెట్టించాను తప్ప ప్రెస్ నోట్ ముట్టుకోలేదు. రెండోది ఫోన్ సంగతి. ఎవరు చేసినా, సిద్ధమైన జవాబు కంటే ముందు మీది ఏ ఊరని అడిగేవాణ్ణి. మన వైపు ఇద్దరు కొత్త మనుషులు కలిస్తే మొదట అడిగేది ఏ ఊరని. రైల్లో అడుగుతాం, పెళ్ళిలో అడుగుతాం. ఆ సాయంత్రం ఆమెను ఆ ఒక్క మాట అడిగి ఉంటే, వచ్చిన జవాబు నేను రెండు రోజుల ముందు నా చేత్తో వేసిన ఊరి పేరే అయ్యేది. వాన పడటానికి అప్పటికి ఇంకా పది రోజులుంది.