నోట్లో మేకుల మేస్త్రి

వడ్రంగి మేస్త్రి ఏ గదిలోకి వెళ్లినా ముందు చెప్పులు విప్పి, అరికాలితో నేలను తడిమి చూస్తాడు. చెవి మీద పెన్సిలు, పెదవుల మధ్య రెండు మేకులు. తప్పనిసరైతేనే మేకులు తీసి మాట్లాడతాడు. ఆ రోజు ఒక పడకగదిలో బట్టల అలమారా కట్టాలి. నేలంతా కొత్త కార్పెట్. దాన్ని కోస్తాడని తెలిసి ఇంటావిడ సరిగ్గా కోయాల్సిన చోటే బైఠాయించింది.

“కోయడమెందుకు బాబూ? పైనుంచే డ్రిల్లు పెట్టి బిగించెయ్. కొని ఆర్నెల్లు కూడా కాలేదు.”

మేస్త్రి మేకులు తీశాడు. “మా అక్క ఇంట్లో అలాగే చేశానమ్మా. డ్రిల్లుకి ఒక్క పోగు చుట్టుకుని గుమ్మం దాకా ఊడొచ్చింది. కార్పెట్ మీద పడ్డ ఆ గీత కనబడకుండా అక్క మంచం వేసేసింది. పదేళ్లయింది, నేనెప్పుడెళ్లినా ఆ మంచం మీదే కూర్చోబెడుతుంది.”

ఆవిడ నవ్వాపుకుంటూ లేచింది. “కోత వంకర పోతే?”

“పోదు.”

కార్పెట్ మీద చెక్క బద్ద పెట్టి, మోకాలితో అదిమి, కత్తిని ఒక్కసారి తన వైపు లాగాడు. గోడ వైపు ముక్క తీసేశాక అలమారా అడుగుచెక్క ఆ ఖాళీలో బిగుతుగా కూర్చుంది. ఆవిడ అంచంతా వేలితో తడిమింది. ఒక్క పోగూ లేవలేదు.

“ఎదురు గోడకీ ఒకటి కడతావా?”

మేకులు అప్పటికే నోట్లోకి వెళ్లిపోయాయి. మేస్త్రి తలూపి టేపు లాగాడు.